గడప పద్యం బాకీ

పోయినవాటి లెక్క ముందు చెప్పేస్తాను. కిందటి వానాకాలం మా కుట్టుకొట్టు వెనక గది రేకుల్లోంచి నీళ్లు కారి, అక్కడ దాచిన నాటక సమాజం సామాను తడిసింది. తెరలు మూడుంటే రెండు పూర్తిగా పోయాయి, అడవి తెర, వీధి తెర. అంతఃపురం తెర చుట్టి పెట్టినందువల్ల లోపలి సగం మిగిలింది, బయటి సగంలోని చిలకలూ దీపపు స్తంభాలూ ఒకే మరకగా కలిసిపోయాయి. కిరీటాలు పదకొండులో నాలుగు మెత్తబడి కూలాయి. అట్ట మీద బంగారు కాగితం అంటించినవి, నీళ్లకు ఎంతసేపు ఆగుతాయి? భుజకీర్తులు ఒక జత పోయాయి. సవరాలు మూడు పోయాయి గాని వాటిని వాన మీద వేయకూడదు, అవి ఎలుకల పని. ఇక మనుషుల లెక్క. నేను సమాజంలో చేరినప్పుడు వేషం కట్టేవాళ్లు పదహారు మంది. ఐదుగురు కాలం చేశారు, ఇద్దరు గల్ఫ్ వెళ్లొచ్చాక గొంతు లేదన్నారు, ఒకాయన భజనల వైపు వెళ్లిపోయాడు. పాతవాళ్లు ఎనిమిది మంది మిగిలారు. ఒకప్పుడు ఇరవైకి పైగా ఊళ్లు మమ్మల్ని పిలిచేవి. ఈ ఏడు పిలిచినవి ఏడు.

హోళీ మర్నాడు, ఈ ఎండకాలం సీజను పని మొదలుపెట్టాలి గనుక, తడవకుండా మిగిలిన ఒక్క ట్రంకు పెట్టె తెరిచాను. మొదట కలరా ఉండల ఘాటు వచ్చింది, దాని వెనక కొబ్బరినూనె, దాని అడుగున అర్దళం. అర్దళం అంటే పాతకాలంలో నటులు ముఖానికి పూసుకున్న పసుపు రంగు. నూరి నూనెలో కలిపి పూస్తే, దీపాల వెలుగులో ఎంత మోటు ముఖమైనా నునుపుగా కనిపించేది. మేము అది వాడటం మానేసి చాలా ఏళ్లయింది, ఇప్పుడు డబ్బాల్లో వచ్చే రంగులే. కాని పెట్టెలో అన్నిటికంటే కింద ఉన్న రాణి రవిక మెడ దగ్గర ఆ వాసన ఇంకా వదల్లేదు. ఎన్నిసార్లు ఉతికినా పోలేదు. అది రాజమల్లు మామ మెడ వాసన. అది తగలగానే పోయినవాటి లెక్క ఆగిపోయింది, ఆ మనిషి గుర్తొచ్చాడు.

రాజమల్లు మామ నాకు సొంత మామ కాదు. సిద్దిపేటలో మా వాడకట్టు పెద్ద, పుట్టింది దుబ్బాకలో. మగ్గం మీద తువ్వాలలు నేసేవాడు, మధ్యాహ్నం దాటాక అవే తువ్వాలలు భుజాన వేసుకుని అమ్మేవాడు. ముప్పై ఏళ్లకు పైగా మా సమాజంలో రాణి వేషం ఆయనదే, సమాజానికి పెద్ద కూడా ఆయనే. సన్నటి మనిషి, పొడుగాటి వేళ్లు. ఆడవేషం కట్టే మగవాళ్లలో కొందరు నడుము తిప్పి నవ్విస్తారు. ఆయన అలా ఎన్నడూ చేయలేదు. బోరింగు దగ్గర నీళ్లు పట్టుకునే ఆడవాళ్లను చూసి, బిందె నడుం మీదికి ఎత్తేటప్పుడు కొంగు ఏ చేత్తో ఆపుతారో నన్ను అడిగేవాడు. నేను నవ్వితే నొచ్చుకునేవాడు కాదు. తాను ఆడది కాదు గనుకనే అడుగుతున్నానని, తెలిసినట్టు నటిస్తే తెలియనిది బయటపడుతుందని అనేవాడు.

ఆయన నా దగ్గరికి మొదటిసారి వచ్చినప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. మా ఆయన భీవండిలో మరమగ్గాల మీద పనిచేస్తున్నాడు. నేను ఒక షటరు కొట్టు కిరాయికి తీసుకుని, పాత కుట్టు మిషను ఒకటి పెట్టుకున్నాను. చదివింది ఏడో తరగతి, లెక్కలు మాత్రం నాకు నేనే నేర్చుకున్నాను. గుడ్డ కొనేవాడి ముందు తడబడితే మీటరుకు నాలుగు వేళ్లు తక్కువ కొలుస్తాడు, అందుకని మనసులో కొలిచి, కూడి, తీసివేయడం అలవాటైంది. ఆయన నల్ల మఖ్మల్ తెచ్చి రాజుగారికి కోటు కుట్టమన్నాడు. వేరే దర్జీ ఇంత గుడ్డ కావాలన్నాడట, నేను అందులో అరమీటరు మిగిల్చి, రాజు వేషం కట్టే ఆయన ఒంటికి అతికినట్టు కుట్టి చూపించాను. మెచ్చుకుంటాడని నిలబడ్డాను. మామ కోటును ఒక్కసారి కూడా పై నుంచి చూడలేదు. లోపలి వైపు తిప్పి, పక్క కుట్టు మీద బొటనవేలు నడిపించాడు.

"లోపట మడత ఏది కోడలా?" అన్నాడు.

మడత ఎందుకని, గుడ్డ దండగ కదా అని అడిగాను. ఆయన కోటు తిప్పి మళ్లీ నా చేతిలో పెట్టాడు.

"రాజు మారుతుంటడు కోడలా, అంగీ మారది. ఈ ఏడు రాజు బక్కగున్నడు, వచ్చే ఏడు వచ్చేటోడు ఎట్లుంటడో ఎవలికెరుక? లోపట నాలుగు వేళ్లు ఇడువు."

నేను మిగిల్చిన అరమీటరుతోనే ఆ కోటు విప్పి మళ్లీ కుట్టాను. అప్పటి నుంచి ఈనాటికి ఆ కోటు ముగ్గురు రాజులను మోసింది, ఒకాయన బాగా లావు కూడా. కిందటి వానకు బూజు పట్టిందిగాని, దులిపి ఎండలో వేస్తే నాలుగో రాజుకూ పనికొచ్చేలా ఉంది.

కుట్టుపనితో మొదలైన సంబంధం మెల్లగా సీజను లెక్కలోకి వచ్చింది. హోళీ దాటాక ఒక ఆదివారం పొద్దున మామ ఇంటి వాకిట్లో సమాజమంతా కూర్చునేది. ఆ ఏడు ఏ నాటకాలు, ఏ ఊళ్లు, ముసురు పట్టేలోపు ఎన్ని ఆటలు, అక్కడే తేలేది. మా నాటకాలు ఎప్పుడో ఎవరో పంతులు ఈ సమాజానికే కట్టిచ్చినవి. అచ్చు కాలేదు, గొంతుల్లోనే ఉన్నాయి. వాటికి పేర్లున్నా మేము పిలుచుకునేది వేరు: గడప నాటకం, పులి నాటకం, ఇద్దరు మంత్రుల నాటకం, ఉంగరం నాటకం. ఒకసారి అలా కూర్చున్నప్పుడు గొడవ వచ్చింది. ఆట ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో తెలియక ఊళ్లవాళ్లు విసుక్కుంటున్నారని, మైకు సెట్టు అతను మధ్యలోనే వైర్లు చుట్టేస్తున్నాడని. రవికలకు కొలతలు తీసుకోవడానికి వచ్చి అరుగు మీద కూర్చున్న నేను ఉండబట్టలేక లెక్క చెప్పాను. గడప నాటకంలో పద్యాలు అరవై నాలుగు. రాగంతో కలిపి పద్యానికి రెండున్నర నిమిషాలు వేస్తే రెండు గంటల నలభై నిమిషాలు. మాటలకు గంటా ఇరవై. మొత్తం నాలుగు గంటలు, ఏడింటికి తెర లేస్తే పదకొండుకు మంగళహారతి.

మా హార్మోనియం యాదగిరన్న వేళ్ల మీద మళ్లీ లెక్కపెట్టి సరిపోయిందన్నట్టు తలాడించాడు. నాకు లోపల గర్వంగానే ఉంది. మామ మాత్రం తల గోక్కున్నాడు.

"వన్స్ మోర్‌లు యాడ వెట్టినవ్?"

పద్యం నచ్చితే జనం వన్స్ మోర్ అంటారు, నటుడు ఆ పద్యం మళ్లీ పాడాలి. ఆ సంగతి నాకు తెలుసు. కాని దాన్ని లెక్కలో ఎలా వేస్తాం?

"ఎన్ని అడుగుతరో ముందుగాల నాకెట్ల తెలుస్తది మామ?"

"తెల్వదు గదా. తెల్వనిదానికే జాగ ఇడువాలె. తెలిసినదానికి ఎవలైన ఇడుస్తరు."

ఆ రోజు నుంచి ప్రతి ఆటకూ చివర అరగంట ఖాళీ వదిలి లెక్క చెప్పడం నా పని అయింది. కొందరికి అది నచ్చలేదు, నాటకాల సంగతి దర్జీకి ఏం తెలుసని ఒకాయన గొణిగాడు. మామ ఆయన వైపు చూడకుండానే, సీజను లెక్క ఇక సుగుణదే, అడిగేది ఉంటే ఆమెనే అడగండి అని చెప్పి చాయ తెప్పించాడు. అంతటితో ఆ మాట ముగిసింది. నా పేరు తీసి, ఒక పని నాదని నలుగురిలో ఎవరైనా అనడం నాకు తెలిసి అదే మొదలు. సీజను వివరాలు నేను దర్జీ సుద్దతో కొట్టు షటరు లోపలి వైపు రాసుకుంటాను. షటరు పైకి ఉన్నంతసేపు అది ఎవరికీ కనిపించదు, సాయంత్రం కిందికి లాగినప్పుడు నా ముందు నిలబడుతుంది.

వన్స్ మోర్ గురించి మామకు ఒక నియమం ఉండేది, ఆయన గురువుల నుంచి వచ్చిందట. అడిగిన పద్యం పాడకుండా ఊరు దాటకూడదు. వాన వచ్చో కరెంటు పోయో పాడలేకపోతే అది బాకీ. బాకీ ఉన్న ఊళ్లోనే వచ్చే సీజను మొదటి ఆట వేయాలి, తెర లేవగానే ముందు ఆ పద్యం పాడాలి, తరువాతే నాటకం. మొదటి ఆట అంటే ఊళ్లకు గొప్ప. కొత్త తెర, కొత్త రంగులు, అలసిపోని గొంతులు. అందుకని ఆ బాకీని ఊళ్లు కూడా మరిచిపోయేవి కావు.

దుబ్బాకలో ఒకసారి అది హద్దు దాటింది. ఇద్దరు మంత్రుల నాటకంలో మంచి మంత్రి రెండో అంకంలో పొడిపించుకుని, ఒక పద్యం పాడి చనిపోతాడు. ఆ రోజు ఆయన మహా బాగా పాడాడు. జనం తేరుకుని వన్స్ మోర్ అనేసరికి తెర పడింది. తన పని అయిందనుకున్న మంత్రి మీసం పీకి జేబులో వేసుకుని, రోడ్డు అవతల చాయ హోటల్లో కూర్చున్నాడు. జనం ఆగడం లేదు. చివరికి రాణి వేషంలో ఉన్న మామే కొంగు బిగించి రోడ్డు దాటి వెళ్లాడు. చచ్చిన కాడికి నడువు, జనం పిలుస్తున్నరు అని మంత్రిని లేవదీశాడు. చాయ సగంలో ఉందని మంత్రి బతిమిలాడితే గ్లాసుతో సహా తీసుకొచ్చాడు. మీసం లేని మంత్రి గ్లాసు కింద పెట్టి, పడుకుని, మళ్లీ పాడి, మళ్లీ చనిపోయాడు. ముందు వరసలో కూర్చున్న ముసలి నేతగాడు ఒకాయన అందరికీ వినబడేలా, "మొదటిసారే మంచిగ సచ్చిండు" అన్నాడు. దుబ్బాకలో మమ్మల్ని ఇప్పటికీ ఆ మాటతోనే పలకరిస్తారు.

ఇక చెప్పవలసింది నారాయణరావుపేట. అక్కడ బాల్‌రెడ్డి పటేలు అని ఒక రైతు ఉన్నాడు. నాటకానికి ఇంటి నుంచి తన కుర్చీ తానే మోయించుకొచ్చి ముందు వరసలో వేసుకుంటాడు. నాటకాలు తెలిసిన మనిషి. మిగతావాళ్లలా ప్రతి పద్యానికీ చేతులెత్తడు, ఆటకు ఒక్కసారే వన్స్ మోర్ అంటాడు. ఆ ఒక్కటి ఎవరికి దక్కుతుందా అని మా నటులు తెర వెనక మాట్లాడుకునేవాళ్లు. నాలుగేళ్ల కిందట ఆ ఊళ్లోనే మా సీజను చివరి ఆట, గడప నాటకం. రాజ్యం పోగొట్టుకున్న రాణి కట్టుబట్టలతో అంతఃపురం విడిచి వెళుతూ, గడప దాటే ముందు ఆ గడపతోనే మాట్లాడుతుంది. ఏడుపు పద్యం కాదు అది. ఇన్నేళ్లు నన్ను మోశావు, నా తరువాత వచ్చేవాళ్లను కూడా మోయి అని చెప్పే పద్యం. మామ రంగు వేసిన చెక్క గడప పక్కన మోకాలి మీద కూర్చుని, దాని మీద చెయ్యి ఆనించి పాడేవాడు.

ఆ రోజు పాడాక పటేలు కుర్చీలోంచి లేచాడు. వన్స్ మోర్ అన్నాడు. ఆయన వెనక ఊరంతా అన్నది. మామ నవ్వి చెయ్యెత్తాడు. యాదగిరన్న శ్రుతి ఇచ్చాడు. గొంతు రాలేదు. దగ్గి, మింగి, మళ్లీ తల ఊపాడు. యాదగిరన్న మళ్లీ ఇచ్చాడు. పెదవులు కదిలాయి, గాలి తప్ప ఏమీ రాలేదు. తెర పక్కన సూది దారంతో నిలబడ్డ నాకు, ఆయన చెయ్యి గడప మీద బిగిసిపోవడం కనిపించింది. కాసేపటికి లేచి, ముందుకు వచ్చి, దండం పెట్టాడు. బొంగురు గొంతుతో, ముందు రెండు వరసలకే వినపడేలా మాట్లాడాడు.

"ఇది బాకి వెట్టుకో పటేలా. వచ్చే సీజన్ల మొదటి ఆట మీ ఊర్లనే, మొదటి పద్యం గిదే."

"వెట్టుకున్న రాజమల్లు," అన్నాడు పటేలు. "నిమ్మళంగ రా."

తిరుగు దారిలో వ్యానులో ఆయన రాణి రవిక విప్పకుండానే, దాని మీద తువ్వాల కప్పుకుని కూర్చున్నాడు. అన్నేళ్లలో ఆయనకు బాకీలు పడకపోలేదు గాని, తరువాతి సీజను మొదటి ఆట దాటి మిగిలినది ఒక్కటీ లేదు.

అది మామూలు గొంతు నొప్పి కాదని హైదరాబాదు దవాఖానలో తేలింది. గొంతులో ఏదో కోసి తీశారు, ప్రాణం నిలిచింది, మాట గుసగుసగా మిగిలింది. మరుసటి ఎండకాలం సమాజం ఎక్కడా ఆట వేయలేదు. ఒక మధ్యాహ్నం నేను వెళ్లేసరికి ఆయన మగ్గం గుంత అంచున కాళ్లు వేలాడేసి కూర్చుని, చల్లారిన అంబలి కొద్దికొద్దిగా తాగుతున్నాడు. తువ్వాల అంచు సగంలో ఆగి ఉంది. నన్ను పక్కన కూర్చోమని, వినపడదని తన వైపు వంగమన్నాడు.

"నేను తీర్చకుంటే ఆ బాకి ఎటు పోతది కోడలా?"

"ఎటు పోతది మామ, ఉంటది."

"ఉంటె నువ్వు సూడు. కడుమోళ్లు మరుస్తరు. నీకు లెక్క తెగకుంటే నిద్ర వట్టది."

సరే అన్నాను. నాతో నా గురించి ఆయన చేసిన ఫిర్యాదు, మెప్పు, రెండూ ఆ ఒక్క మాటే. ఆ ముసురులోనే కాలం చేశాడు. నేను కొట్టు షటరు దించినప్పుడు సీజను జాగాలో ఏమీ లేదు, కింద మూలన మాత్రం ఆ బాకీకి నేను సుద్దతో రాసుకున్న ఒకటి ఉంది.

మరుసటి ఏడు సమాజం కూర్చున్నప్పుడు, గడప నాటకం వదిలేద్దామన్నారు. ఇప్పుడు మగవాళ్లెవరూ ఆడవేషం కట్టరు, రాణి లేని నాటకం ఎలా? మిగతా మూడింటిలో రాణి సీన్లు తీసేసి, వాటితో దుబ్బాకలో మొదలుపెడదామన్నాడు యాదగిరన్న. ఆయన చెడ్డ మాట ఏమీ అనలేదు, వీలున్న దారి చూపాడు. నేను మాత్రం మొదటి ఆట నారాయణరావుపేటలోనే పడాలని, అది గడప నాటకమే కావాలని పట్టుబట్టాను. రాణిని ఎక్కడి నుంచి తెస్తావని అడిగారు. ఆ సీజను కూడా అలాగే ఎండిపోయింది.

రాణి నాకు దుబ్బాక బస్సులో దొరికింది. పేరు కవిత, కండక్టరు. బస్టాండులో ఆమె దుబ్బాక, దుబ్బాక అని పిలిస్తే, ఆ పిలుపు హారన్ల మీదుగా, పల్లీలవాళ్ల కేకల మీదుగా వచ్చి చెవిలో నిలిచేది. పొద్దంతా పిలిచినా సాయంత్రానికి గొంతు పగిలేది కాదు. కుట్టిన బట్టల మూటతో వారానికి రెండుసార్లు ఆ బస్సెక్కే నేను, మూడు వారాలు విన్నాక అడిగాను. బతుకమ్మ పాటలు తప్ప ఏమీ రావని, తనకు వచ్చింది టికెట్లు కొట్టుడేనని నవ్వింది. అయినా సెలవు దినాల్లో వచ్చింది. యాదగిరన్న నేర్పాడు. ఆయన మొదట సణిగాడు.

"గొంతు మంచిదే సుగుణా. గని ప్రతి పద్యం సివరికి స్టాపు వచ్చినట్టు ఆపుతది."

"మీరు రైట్ అంటలేరు అన్నా, ఎట్ల కదలాలె?" అంది కవిత. ఆ తరువాత ఆయన రాగం సాగదీయాల్సిన చోటల్లా రైట్ అనడం మొదలుపెట్టాడు. అలా ఏడాది దగ్గరకు వచ్చింది.

రాణి రవిక ఆమెకు పట్టలేదు. మామ సన్నటి మనిషి, కవిత పుష్టిగా ఉంటుంది. లోపలి వైపు తిప్పాను. ఆయన చెప్పినట్టే ఎప్పుడో నేనే వదిలిన మడత, రెండు పక్కలా నాలుగేసి వేళ్లు. కుట్లు విప్పితే, ఇన్నేళ్లు వెలుతురు చూడని ఎరుపు బయటికి వచ్చింది, కొన్న రోజు ఎంత ఎర్రగా ఉందో అంత. దాని పక్కన వెలిసిన పాత ఎరుపు. అప్పటికీ ఒక వైపు వేలెడు తక్కువైంది, చంక కింద వేరే ముక్క వేయాల్సి వచ్చింది. కవిత అద్దంలో చూసుకుని రెండు రంగులు కనబడుతున్నాయంది. దూరం నుంచి కనబడదన్నాను.

"దగ్గరికెల్లి సూస్తే అక్కా?"

"దగ్గరికెల్లి సూసేటోళ్లకు తెలువాలె," అన్నాను.

కిందటి ఎండకాలం నారాయణరావుపేటలో మొదటి ఆట వేశాం. పటేలు కుర్చీ వచ్చింది, దాని వెనక కర్ర ఊతతో పటేలు వచ్చాడు. తెర లేచింది. నాటకం మొదలు కాకముందే, ఖాళీ రంగం మీద గడప ఒక్కటే పెట్టి, కవిత దాని పక్కన మోకాలి మీద కూర్చుని బాకీ పద్యం పాడింది. ఎక్కడా ఆగలేదు. యాదగిరన్న రైట్ అనాల్సిన అవసరం రాలేదు. చప్పట్లు కొడుతుంటే నేను తెర పక్కన నిలబడి, మనసులో షటరు మూలనున్న ఒకటిని తుడిచేశాను. మామ నా చేతిలో పెట్టిన పని అయిపోయిందనుకున్నాను. తరువాత నాటకంలో ఆ సీను వచ్చినప్పుడు ఆమె మళ్లీ అదే పద్యం పాడింది, ఇంకా బాగా పాడింది. అప్పుడు పటేలు లేచి, ఆటకు ఒక్కటే అడిగే తన వన్స్ మోర్ అడిగాడు. కవిత మూడోసారి పాడింది.

మంగళహారతి అయ్యాక నేను పటేలు దగ్గరికి వెళ్లి, బాకీ తీరింది కదా అన్నాను. ఆయన మనవడు కుర్చీ ఎత్తబోతుంటే ఆగమని, కూర్చునే మాట్లాడాడు.

"పిల్ల మంచిగ పాడింది సుగుణమ్మా. నేను అడిగిన, ఆమె పాడింది, మా ఇద్దరికి సాఫ్. గని రాజమల్లును అడిగింది రాజమల్లుదే. అది అట్లనే ఉన్నది."

సమాజం బాకీ సమాజం తీర్చిందని, మొదట పాడింది అందుకేనని నేను వాదించాను. మనిషి లేనప్పుడు ఆయన తరఫున ఎవరు పాడినా తీరినట్టేనని చెప్పాను. ఆయన అంతా విని తలాడించాడు.

"నీ లెక్క తప్పని నేనంటనా? నీ లెక్కల తీరింది. నా లెక్కల ఒకటి నిలిచింది." కర్ర మీద గడ్డం ఆనించి మెల్లగా అన్నాడు. "అది గూడ తీరిందంటే మొదటి ఆట ఇంకో ఊరికి పోతది. ఆయిన పేరు మల్ల మా ఊర్ల ఎవలు తీస్తరు?"

వ్యానులో నాకు కోపంగానే ఉంది. లెక్క తేలాక తేలలేదనే మనిషితో నేను వేగలేను. కవిత నా ముఖం చూసి, ఆ పటేలు తన బస్సెక్కితే ఒక స్టాపు ముందే దింపేస్తానంది. యాదగిరన్న కూడా నవ్వాడు. నేను నవ్వడానికి సిద్దిపేట పొలిమేర రావాల్సి వచ్చింది. తరువాత రోజుల్లో మిషను మీద కూర్చున్నప్పుడల్లా ఆ మాట తిరిగి తిరిగి వచ్చేది. మామ తీర్చమన్నది నిజమే. కాని తీర్చేస్తే మిగలనిది కూడా ఒకటుందని పటేలు చూశాడు, నేను చూడలేదు. తెలియనిదానికి జాగా వదలమన్న మనిషి బతికుంటే, ఎవరి లెక్క ఒప్పుకునేవాడో నాకు అనుమానం లేదు. ఇప్పుడు నిద్ర బాగానే పడుతోంది.

ప్రతి ఏడూ బడులు తెరిచే ముందు నా దగ్గరికి పిల్లల యూనిఫారాలు వస్తాయి. ప్రతి లాగుకూ ప్రతి అంగీకీ లోపల మడత వదులుతాను. గుడ్డ ఎక్కువ పడుతోందని తల్లులు అంటే, పిల్లలు మారుతుంటరు, అంగీ మారది అని చెబుతాను. అది ఎవరి మాటో వాళ్లకు తెలియదు, నాకు చాలు. తడిసిపోయిన తెరలకు బదులు రెండు కొత్తవి గీయిస్తున్నాం, అడవి ఆరింది, వీధి ఆరుతోంది. కిరీటాలు నాలుగు నేనే అట్ట కోసి అంటించాను. పాత ఎనిమిది మందికి కవిత తొమ్మిదో మనిషి, ఆమె వెంట ఇంకో కండక్టరమ్మ వచ్చి రెండు ఆదివారాల నుంచి మూలన కూర్చుని వింటోంది. ఆమెను ఇంకా లెక్కలో వేయలేదు గాని జాగా ఉంచాను.

ఈ సాయంత్రం షటరు దించి, సీజను మొత్తం ఒకసారి చదువుకున్నాను. నాటకాలు నాలుగు. ఊళ్లు ఏడు, మొదటిది నారాయణరావుపేట. ప్రతి ఆటకూ చివర అరగంట ఖాళీ. అన్నిటికీ కింద, ఏడాదికోసారి సుద్దతో మళ్లీ దిద్దే మూలన, గడప పద్యం, రాజమల్లు మామది, బాకీ: ఒకటి.